సున్నా రాసిన నెల

సంగీతం వింటే మూర్ఛ తగ్గుతుందా? ఈ ప్రశ్నను ఏళ్లుగా మోస్తున్నాను.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే నా తమ్ముడు మంజునాథ్‌కు చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు మానకుండా, రోజూ అరగంట సంగీతం కూడా వింటే కొందరికి మేలు జరగవచ్చని డాక్టరు అన్నారు. అప్పటి నుంచి నెలకోసారి హిందూపురంలో నేను పనిచేసే కాలేజీకి సెలవు పెట్టి, నోటుబుక్కుతో వాడింట్లో దిగుతున్నాను. జనవరిలో ఫిట్స్ నాలుగుసార్లు వచ్చాయి, ఫిబ్రవరిలో మూడుసార్లు.

"మార్చిలో ఎన్నిరా?"

"సున్నా. నువ్వు ఫోన్లో ఎక్కిచ్చిన వీణకు ఇంట్లో ఎలకలు గూడా ఊరిడిసి పాయనక్కా."

నవ్వుతూ సున్నా రాశాను. ఇక మాత్రలు తగ్గించమని డాక్టరును అడుగుదామన్నాను.

మగ్గం మీద సగం నేసిన చీరను చేత్తో నిమిరాను. రెండు చోట్ల నేత పలచబడి ఉంది. ఇరవై ఏళ్లుగా నేస్తున్న చెయ్యి ఊరికే అలా వదులు కాదు.

"ఇదేందిరా?"

"ఆడ ఫిట్స్ వచ్చి పడినా. రెండు తూర్లు."

"మరి సున్నా అన్నావే!"

"పోయిన నెల ఒకటి తగ్గిందంటేనే నీ మొగం ఎట్ల వెలిగిపాయ! నాకేమో గానీ, పాట నీకు బాగా పనిచేస్తాండాది కదక్కా. ఎందుకు చెడగొట్టల్ల అని."

తిట్టబోయి నవ్వేశాను. ఆ రెండింటి సంగతీ డాక్టరుకు చెప్పాను, మాత్రల మోతాదు మారలేదు. వాడు రోజూ వీణ వింటూనే ఉన్నాడు. లెక్క అడగడం మానాలో, అడుగుతూనే ఉండాలో మాత్రం నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.