ఐదింటిదాకా నిశ్శబ్దం

"చూస్తూ ఉండండి, ఎవడో ఒకడు అడ్డుపుల్ల వేస్తాడు!" అంది తల్లి, ఇంకా ఏమీ జరగకముందే.

"శుభం పలకవే అంటే..." అంటూ తండ్రి పేపరు తిప్పాడు.

కూతురిది దేశాలన్నీ కలిసి పెట్టుకున్న పెద్దాఫీసులో తమ దేశం తరఫున ఉద్యోగం. నీళ్ళు, పంటలు, కరెంటు... అక్కడ ఏ శాఖ కుంపటి దానిదే. అన్నిటినీ ఒకే ఒప్పందంలోకి తేవడానికి ఏళ్ళ తరబడి తిరిగింది. తాముండే ఇలాంటి పేటల కుళాయిల్లో మంచినీళ్ళు రావాలన్న ఒక్క మాట కోసం ఎంతమందితో పోట్లాడిందో!

"ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు ఏ దేశమూ అడ్డం రాసి పంపకపోతే ఒప్పుకున్నట్టేనమ్మా. అడ్డం చెప్పేవాళ్ళు ముందు నాకే ఫోన్ చేస్తారు" అని చెప్పి, ఆఖరి ప్రతి చదవాలని పొద్దున్నే పరుగెత్తింది. ఆ హడావిడిలో ఫోన్ మరిచింది. దానికొచ్చే అంకెలు కొడితేగానీ, ఏది రాసి పంపాలన్నా వాడే ఆఫీసు కంప్యూటర్ తెరుచుకోదు, తాళంచెవిలా మొలకు కట్టుకోవాలని రోజూ నవ్వే పిల్ల!

నాలుగు దాటాక ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"ఎత్తవే."

"ఎత్తితే కొంప మునుగుతుంది! అడ్డం చెప్పేవాళ్ళే."

"ఎవరో కనుక్కుంటే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదు, దాని కష్టం!"

కట్ చేసింది. మళ్ళీ మోగింది. దిండు కింద కుక్కింది. అక్కడా మూలుగుతుంటే స్విచాఫ్ చేసేసింది.

ఐదయింది. "గట్టెక్కింది!" అని కూలబడింది.

పొద్దుగూకే వేళకి కూతురు వచ్చి, చెప్పులైనా విడవకుండా కూర్చుంది.

"ఏమైందే?"

"ఒప్పందం ఖాయమైందమ్మా. ఎవరూ అడ్డం పంపలేదు."

"నాకు తెలుసు!" తల్లి గ్లాసు పట్టింది. కుళాయి దగ్గి తుప్పునీళ్ళు కక్కింది. "పోన్లే, ఇక ఈ పీడ విరగడైనట్టే."

"ఆఖరి ప్రతిలో నీళ్ళ మాట తీసేశారు. నాలుగింటికి అచ్చుకాగితం చేతికొచ్చాక చూశాను."

"తీసేశారా?" తల్లి భగ్గుమంది. "మరి నువ్వేం చేస్తున్నావే? నోట్లో నాలుక లేదూ? అడ్డం రాసి పంపొద్దూ?"

కూతురు దిండు కింద నుంచి తొంగిచూస్తున్న ఫోన్‌కేసి చూసింది. ఆయన పేపరు మడిచాడు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. కూతురు ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అంకెల కోసం ఫోన్ చేసింది నేనేనమ్మా."