ఇరవయ్యొకటి నిండినవారి సంతకం

వెండెల్ వ్యాను ఆపి, పెట్టె భుజానికెత్తుకుని, ఆ వీధి చివరింటి మెట్లెక్కాడు. బెల్లు నొక్కాడు. మర్యాదగా రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

లోపల్నుంచి కుక్క ఒక్కటే పలికింది. పార్సిలు మనిషి కనబడితే పిక్క పట్టుకునే కుక్కలు కల్మన్ ఊళ్లో బోలెడు. ఇది మాత్రం కిటికీ అద్దానికి మూతి ఆనించి తోక ఊపుతోంది.

"ఎవరూ లేరయ్యా!" పక్కింటి వరండాలోంచి కేక వినబడింది. మిస్ ఒపల్ ఊగే కుర్చీలో కూర్చుని అలసంద కాయలు ఒలుస్తోంది. ఎనభై దాటినా వీధిలో ఆకు కదిలితే ఆవిడకి తెలియాలి. "లేరని నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ కుక్కకీ తెలుసు. మరెందుకయ్యా నొక్కడం?"

"రూలు, మిస్ ఒపల్. నొక్కాలి, ఆగాలి, చీటీ అంటించాలి."

పెట్టెలో ఉన్నది వైన్. వైన్ తయారుచేసేవాళ్లు ఎక్కణ్ణుంచైనా అలబామా రాష్ట్రంలో ఇళ్లకి తిన్నగా పంపుకోవచ్చని చట్టం వచ్చి అప్పటికి ఏడాదే అయింది. ఆ చట్టం చుట్టూ సర్కారు కొన్ని ముళ్లు నాటితే, వెండెల్ కంపెనీ మరికొన్ని నాటింది. గుమ్మంలో పెట్టి పోకూడదు. పక్కింట్లో ఇవ్వకూడదు. ఆ ఇంట్లో ఇరవయ్యొకటి నిండిన మనిషి ఎదురుగా నిలబడి, లైసెన్సు చూపించి, సంతకం పెట్టాలి. మూడుసార్లు తిరిగినా అలాంటి మనిషి దొరక్కపోతే పెట్టె వచ్చిన చోటికే పోతుంది.

తోటి డ్రైవరు ఒకడు జాలిపడి ఎవరింటి ముందో పెట్టి వచ్చేశాడు. ఇప్పుడతను గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసుకుంటున్నాడు.

"ఇది రెండోసారి కదూ?" అంది మిస్ ఒపల్.

"అవునండీ. ఇక రేపొక్కటే మిగిలింది."

"రేపు లోరెట్టా పెళ్లిరోజు. ఇరవై అయిదోది."

"తెలుసు."

ఆ వీధికి పార్సిళ్లు మోయబట్టి పదేళ్లు. ఎవరింట్లో ఏం జరుగుతోందో వెండెల్‌కి తెలియనిది లేదు. లోరెట్టా ఆ ఇంటి ఇల్లాలు. పళ్ల డాక్టరు దగ్గర పని. ఆవిడ పెళ్లి వర్జీనియా కొండల్లో ఒక ద్రాక్షతోటలో జరిగింది. తోట ముసలాయన ఇప్పుడు తోట అమ్మేసుకుంటున్నాడు. ఆయన దగ్గర మిగిలిన ఆఖరి పెట్టె ఇదే. పెళ్లిరోజు రాత్రి ఈ వైనే పోస్తానని మొగుడు మాటిచ్చాడు. పోయినేడాది అసలు పెళ్లిరోజే మర్చిపోయి, వారం రోజులు సోఫాలో పడుకున్న ఘనుడు.

"నాకిచ్చి పో, సంతకం నేను పెడతా," అంది మిస్ ఒపల్. "నాకు ఇరవయ్యొకటి నిండేనాటికి నువ్వింకా పుట్టనేలేదు."

"మీరు ఈ ఇంటి మనిషి కాదు కదండీ."

"అయితే ఆ మొగుడు మహారాజు ఒక్కపూట సెలవు పెట్టి ఇంట్లో కూర్చోలేడూ?"

వెండెల్ మొహం కందగడ్డలా అయింది. "అతనికీ ఉద్యోగం ఉంది కదా! అసలే మనుషులు చాలక చస్తుంటే సెలవెవరిస్తారు?"

"ఈసారి కూడా మాట తప్పితే ఆ పిల్ల అతన్ని గడప తొక్కనిస్తుందా?"

"తొక్కనివ్వదు," అన్నాడు వెండెల్ దిగులుగా.

చీటీ తీసి, నిన్నటి చీటీ పక్కనే, వంకర లేకుండా అంటించి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నుంచి లోరెట్టా ఇంట్లోనే ఉంటుందని, సగం పూట సెలవు అడిగిందని వీధంతా తెలిసిపోయింది. వెండెల్ కూడా తెలివిగా మిగతా ఇళ్లన్నీ ముందు తిరిగి, ఈ ఇంటిని ఆఖరికి ఉంచుకున్నాడు. బెల్లు నొక్కాడు. లోపల అడుగుల చప్పుడు! అతనికి ప్రాణం లేచొచ్చింది.

తలుపు తీసింది కెండ్రా. ఆ ఇంటి కూతురు. కాలేజీ సెలవులకి పొద్దున్నే దిగింది.

"హమ్మయ్య, వచ్చిందా!" అంటూ పెట్టె అందుకోబోయింది.

వెండెల్ పెట్టెని గుండెకి హత్తుకున్నాడు. "అమ్మ రాలేదా?"

"ఎవరో తాతగారికి పన్ను విరిగిందట. డాక్టరు వదల్లేదు. చీకటి పడితే గానీ రాదు."

వెండెల్ ఒక చెయ్యి చాపాడు. "అయితే లైసెన్సు చూపించమ్మా."

కెండ్రా పగలబడి నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆపేసింది. "నా వయసు తెలుసుగా!"

"తెలుసు. వచ్చే నెలకి గానీ ఇరవయ్యొకటి నిండవు. అందుకే ఇవ్వలేను."

"తెలిసి తెలిసి లైసెన్సు అడగడమెందుకు?"

"అడగాలని రూలు."

పక్కింటి వరండాలో మిస్ ఒపల్ గిన్నె కింద పెట్టి లేచి నిలబడింది. "ఒరే వెండెల్, ఆ సంతకమేదో నువ్వే గీకెయ్యరాదూ! ఎవరు చూడొచ్చారు?"

"డ్రైవరు సంతకం చెల్లదండీ," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

మూడో చీటీ కూడా అంటించాడు. పెట్టె మళ్లీ భుజానికెత్తుకుని, కాళ్లీడ్చుకుంటూ మెట్లు దిగి, వ్యానెక్కాడు. మిస్ ఒపల్ కుర్చీలో కూలబడి, ఇలాంటి మనిషిని పుట్టించిన దేవుణ్ణి కడిగిపారేసింది.

కెండ్రా నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, కదులుతున్న వ్యానుకి వినబడేలా అరిచింది.

"రాత్రికి అమ్మతో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, నాన్నా!"