ఒక మెట్టు ఎక్కువ

అరచేతిలో పట్టే బొమ్మ రైలు పెట్టెను అచ్చం మన పాత ప్యాసింజర్ బోగీలా మార్చడానికి పరశురాం మూడు నెలలు తీసుకున్నాడు. మహబూబ్‌నగర్‌లో ఈ పిచ్చి ఉన్నది మా ఇద్దరికే. వెలిసిన నీలం రంగు, కిటికీ చువ్వల తుప్పు, ఎవరో ఉమ్మిన పాన్ మరక కూడా వదల్లేదు.

తలుపు కింద చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

"మెట్టు ఒకటి ఎక్కువుంది గదా! బోగీకి ఉన్నదే చేస్త, లేనిది చెయ్యనంటివి. గిదేంది? తియ్యి."

"తీస్త సార్."

ఆకురాయి అందుకుని అడుగున ఉన్న మెట్టుకు ఆనించాడు. చెయ్యి కదల్లేదు. మళ్లీ ఆనించాడు. ఆకురాయిని నా ముందు పెట్టేశాడు.

"నాతోని అయితలేదు సార్. మీరే తియ్యుండ్రి."

"గింత దానికి ఏమైంది?"

"మా ఊరి స్టేషన్ల ప్లాట్‌ఫారం నేలకే ఉంటది. బండి ఒక్క నిమిషం ఆగుతది. నేను ముందుగాల ఎక్కి మా అమ్మకు చెయ్యిచ్చిన. ఎంత లేపినా ఆమె కాలు మెట్టుకు అందలె. గంతల బండి కదిలింది."

బొమ్మ బోగీ చక్రాన్ని వేలితో గట్టిగా నొక్కిపట్టాడు.

"చెయ్యి వదిలేసినా బతికేది సార్. నేను వదలలె."