ఏడుపు ఆగినప్పుడల్లా

పాపాయి ఏడుపు ఆగింది. ఆ వెంటనే కాలింగ్ బెల్ మోగింది.

"వచ్చేశాడు మహానుభావుడు!" పళ్లు నూరాడు రచయిత.

భార్య తలుపు తీసింది. పై వాటా పెద్దాయన రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"ఏడుపు ఆగిపోయిందేంటమ్మా?"

"పడుకుంది బాబాయ్ గారూ."

"ఒక్కసారి చూసి రామ్మా. నేనిక్కడే ఉంటా."

ఆమె విసుక్కుంటూనే గదిలోకి వెళ్లింది. పాపాయి మొహం మీదికి జరిగిన దుప్పటిని పక్కకు లాగింది. ఆ అలికిడికి పాపాయి లేచి మళ్లీ రాగం అందుకుంది.

ఏడుపు వినగానే పెద్దాయన మొహం విప్పారింది. "హమ్మయ్య" అనుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

"పిల్ల ఏడిస్తే సంతోషించే మనిషిని ఈయన్నే చూశాను," అంది భార్య, పాపాయిని భుజాన వేసుకుని జోకొడుతూ.

రచయిత ఉన్నపళంగా కుర్చీలోంచి లేచాడు.

అతను టీవీకి కామెడీ సీరియల్ రాస్తున్నాడు. కొత్తగా అమ్మానాన్నలైన జంట, చంటిబిడ్డ, నిద్రలేని తిప్పలు. అన్నీ సొంతింటి సరుకే. అయినా జనం నవ్వడం లేదు. ఆపేస్తామని నిర్మాత అప్పటికే చెవిన వేశాడు.

"దొరికాడు!" అన్నాడు రచయిత.

"ఎవరు?"

"మన సీరియల్‌ని బతికించేవాడు."

మరుసటి వారం సీరియల్లోకి కొత్త పాత్ర వచ్చింది. బిడ్డ నిద్రపోయిన మరుక్షణం బెల్ కొట్టే ముసలాయన. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, రొప్పు, ప్రతిసారీ అదే ప్రశ్న.

జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

"ముసలాయన్ని ఇంకాస్త పెంచు గురూ!" ఫోన్లో నిర్మాత ఒకటే గోల.

మెట్ల మీద ఆడుకునే పిల్లలకు పెద్దాయన కనిపిస్తే చాలు. "ఏడుపు ఆగిపోయిందేంటమ్మా?" అని గొంతు వణికించి పారిపోయేవారు.

ఓరోజు ఆయన మెట్ల దగ్గర రచయితకు ఎదురుపడ్డాడు.

"ఏదో సరదాకి రాశానండీ. ఏమీ అనుకోకండి," నసిగాడు రచయిత.

"అనుకోడానికేముంది బాబూ. నలుగురూ నవ్వుతున్నారుగా." మెట్లెక్కబోతూ ఆయనే అడిగాడు. "పాపాయి ఏ పక్కకి తిరిగి పడుకుంటోంది?"

ఆ ప్రశ్న కూడా సీరియల్లోకి వెళ్లింది.

ఆ తర్వాత ఇంక బెల్ మోగలేదు.

"ప్రాణానికి హాయిగా ఉంది," అంది భార్య.

ఓ మధ్యాహ్నం పాపాయిని పడుకోబెట్టి, చెత్తబుట్ట బయట పెడదామని ఆమె తలుపు తీసింది. ఎదురుగా పెద్దాయన. చెయ్యి బెల్ దాకా లేచి, అక్కడే ఆగిపోయి ఉంది.

"మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి ఆగానమ్మా," అంటూ గబుక్కున చెయ్యి దించుకున్నాడు.

ఆమె నవ్వు ఆపుకుంటూ తలుపు వేసేసింది.

వానలు మొదలయ్యాక, ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. వెళ్లి చూసొద్దామనుకున్నారు. షూటింగుల హడావుడిలో కుదరలేదు. ఆయన తిరిగి రాలేదు.

ఇల్లు ఖాళీ చేయించడానికి ఆయన చెల్లెలు వచ్చింది. సామాన్లు దించే మనుషులకు మంచినీళ్ల కోసం కింద తలుపు తట్టింది. రచయిత చంకలో ఉన్న పాపాయిని చూడగానే ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

"ఈ పిల్లేనా! మంచం మీద ఉండి కూడా దీని ధ్యాసే. కింద పాపాయి ఎలా ఉందో కనుక్కోవే అని నా ప్రాణం తోడేశాడు."

"మా పాపంటే ఆయనకెందుకమ్మా అంత..." అడిగాడు రచయిత.

"మీకెప్పుడూ చెప్పలేదా నాయనా?" ఆవిడ పాపాయి పాదం నిమిరింది. "మా అన్నయ్యకీ ఇంత పాప ఉండేది. ఓ పూట మా వదిన పనుండి బయటికెళ్తూ అన్నయ్యకి అప్పగించింది. పాప ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఊపిరాడక ప్రాణం పోయిందని తెలీక, ఎక్కడ లేస్తుందోనని అన్నయ్య, వదిన వచ్చేదాకా చిన్న అలికిడైనా చెయ్యకుండా గది బయటే కూర్చున్నాడు."