కోడలి తర్జుమా

తెల్లవారినప్పటి నుంచి ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా బిగబట్టుకుని ఉంది. "మంచి వెలుతురు. ఏడుపుకు ఇలాంటిదే కావాలి" అంటూ నిర్మాత కుర్చీని కుట్టుగది మూలకు లాక్కున్నాడు.

బల్ల వెనక గుడ్డ కత్తిరిస్తున్న అత్తకు ఆ మాట వినపడలేదు. ఆమెకు ఏ మాటా వినపడదు. మాట్లాడేది చేతులతోనే. ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్లు కొడుకూ కోడలూ. కొడుకు వెనకగదిలో ఇస్త్రీ పనిలో ఉన్నాడు కనక అటు ప్రశ్న, ఇటు జవాబు అందించే పని కోడలి మీద పడింది.

కోడలికి లోపల దడగానే ఉంది. పోయినేడు ఇలాగే ఒక డాక్యుమెంటరీవాళ్లు వచ్చి, అత్తను గుచ్చి గుచ్చి అడిగి ఏడిపించి, ఆ ఏడుపు వెనక వేణువు ఊదించారు. ఊరంతా చూసింది. ఆనాటి నుంచి కుట్టమని గుడ్డ తెచ్చేవాళ్లు తగ్గారు, కట్టుకోమని పాతబట్టలు తెచ్చేవాళ్లు పెరిగారు. ఈసారి పనే చూపిస్తామంటే అత్త ఒప్పుకుంది. ఇంకోసారి ఏడిపిస్తే కొట్టు మూసుకోవడమే.

దర్శకురాలు నెమ్మదస్తురాలు. నిర్మాత మూల నుంచి అందించిన ప్రశ్నను అప్పజెప్పినట్టు అడిగింది. "చెవులు వినపడవని తెలిసిన రోజు ఎంత ఏడ్చారో అడగమ్మా."

కోడలు అత్త వైపు తిరిగి చేతులతో వేరే ప్రశ్న వేసింది. "మీరు కుట్టిన కాలరు అంత నిక్కి ఎలా నిలబడుతుందని అడుగుతున్నారు, అత్తయ్యా."

అత్త ముఖం దీపం పెట్టినట్టయింది. కత్తెర పక్కన పడేసి పది వేళ్లతో అందుకుంది. లోపలి గుడ్డను ఏ వాలున కోయాలో, మొన తిప్పేచోట దారం ఎలా లాగాలో గాలిలోనే ఒక కాలరు కుట్టి చూపించింది.

"ఏమంటోంది?" అన్నాడు నిర్మాత.

"తను ఏడవలేదటండీ. చూడ్డానికి వచ్చినవాళ్లే ఏడ్చారట. ముక్కు తుడుచుకోవడానికి గుడ్డపీలికలు కూడా ఈవిడే ఇచ్చిందట."

దర్శకురాలు తల దించుకుని, "ముఖం వదిలెయ్. చేతులు తియ్యి" అంది కెమెరా అతనితో.

కోడలికి అప్పుడు తట్టింది. చేతుల భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఈ సినిమా చూస్తే తన బండారం బయటపడుతుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"కన్నకొడుకు గొంతు ఒక్కసారైనా వినలేదన్న బాధ ఉందేమో అడుగు" అన్నాడు నిర్మాత మూల నుంచే.

"మీ చేతిలో ఎప్పుడైనా బట్ట పాడైందా అంటున్నారు, అత్తయ్యా."

అత్త భుజాలు ఊగిపోయేలా నవ్వింది. ఒక పెద్దమనిషి ప్యాంటుకు రెండూ ఎడమకాళ్లే కుట్టిన సంగతి చెప్పి, బల్ల వెనక నుంచి వచ్చి, అది తొడుక్కుని ఆయన ఎలా నడిచాడో గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించింది.

నిర్మాత లేచాడు. "కొడుకు గొంతు గురించి అడిగితే ఈ నవ్వేంటి?"

"మా ఆయన పాడతాడండీ. వినపడకపోవడం నా అదృష్టం అంటోంది."

వెనకగదిలో కొడుకు పొలమారినట్టు దగ్గాడు. కెమెరా అతను పెదవి కొరుక్కున్నాడు.

"ఏమే పిల్లా," అత్త చేతులు అడిగాయి, "ఆ మూలాయనకి కడుపునొప్పా?"

"భోజనం ఆలస్యమైందని."

"కనీసం మెషిన్ మీద తల వాల్చి దిగులుగా కూర్చోమను" అన్నాడు నిర్మాత, విసిగిపోయి.

"మెషిన్‌లో తేడా వస్తే ఎలా పట్టుకుంటారో చూపించమంటున్నారు" అన్నాయి కోడలి చేతులు.

అత్త మెషిన్ తొక్కుతూ చెంపను బల్లకు ఆనించి కళ్లు మూసుకుంది. నాడి చూసే వైద్యుడిలా ఉంది. తటాలున లేచి ఒక మర అరచుట్టు బిగించి, మళ్లీ చెంప ఆనించి, ఇప్పుడు బాగుందన్నట్టు మెషిన్ వీపు తట్టింది. రోజూ చూసేదే అయినా కోడలు చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క చుక్క కన్నీరు లేదు" అని గొణిగాడు నిర్మాత.

"ఆవిడ చెప్పిందంతా వచ్చింది. చాలు" అంది దర్శకురాలు.

బల్ల మీది గుడ్డలు తీసి అందరికీ కంచాలు పెట్టారు. చేతులు అన్నంలో పడ్డాక ఆ ఇంట్లో మాటలుండవు. వచ్చినవాళ్లూ ఎందుకో నోరెత్తలేదు. నిర్మాత తల కంచంలోనే ఉంది. ఆ నిశ్శబ్దంలో దర్శకురాలు ఎడమచేతిని బల్ల అంచుకు తెచ్చి, కోడలికి ఒక్కదానికే కనబడేలా చకచకా వేళ్లు కదిపింది.

"మా అమ్మకూ వినపడదు. నేనూ నీలాగే చెప్పేదాన్ని."