వెనక తలుపు తాళం

“ఆ తాళం తీయించండి, బాబూ.”

మేనేజరు తలెత్తి చూశాడు. టిక్కెట్టు చేత పట్టుకుని, నెరిసిన గడ్డంతో ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు.

హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద బ్రెజిల్ డోళ్ల బృందం సాంబా దరువు అందుకుంది. కింద జనం జంటలుగా, గుంపులుగా ఆడుతున్నారు. ఈయన మాత్రం వేదికకు వీపు పెట్టి తలుపుల వంకే చూస్తున్నాడు.

“ఏ తాళం?”

“వెనక తలుపుకు బయట వేసిన తాళం. ఇంతమందికీ ముందు వాకిలి ఒక్కటే దారి.”

“అది తీస్తే టిక్కెట్టు లేని ఊరంతా అటునుంచే దూరుతుంది. మీరు కొన్నది ఆటకు టిక్కెట్టు, పెత్తనానికి కాదు. వెళ్లి ఆడుకోండి, పెద్దాయనా.”

“మీ కాళ్లు పట్టుకుంటాను.”

“అంత శ్రమ వద్దు. బయటికి నడవండి.”

కాపలాదారు రెక్క పుచ్చుకుని ఆయనను వీధిలోకి నెట్టి వచ్చాడు.

కాసేపటికి అదే కాపలాదారు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

“సార్, ఆ ముసలోడు వెనక సందులో ఇనప కడ్డీతో తాళం పగలగొట్టేశాడు! పారిపోనూ లేదు. నాలుగు తగిలించి కూర్చోబెట్టాను.”

“పోలీసులకు అప్పగించు. దొంగతనానికి వచ్చాడని నేనే ఫిర్యాదు ఇస్తాను. నువ్వు వెంటనే కొత్త తాళం వేసెయ్.”

జీపు ఎక్కేటప్పుడు ఆయన పెనుగులాడలేదు.

“నన్ను తీసుకుపొండి. తాళం మాత్రం వేయకండి,” అన్నాడు.

కానిస్టేబులు నవ్వాడు.

జీపు వెళ్లిన కొద్దిసేపటికే ముందు వాకిలి దగ్గర, అలంకారపు తెరల వెనక, దీపాల తీగ నుంచి పొగ లేచింది. మేనేజరు చూసేసరికి తెర అంటుకుంది. అతడు వేదిక ఎక్కి బృంద నాయకురాలి చెవిలో అరిచాడు.

ఆమె విజిల్ ఊదింది. డోళ్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

జనం కేకలు వేసి చప్పట్లు కొట్టారు. సాంబాలో దరువు అలా ఠక్కున ఆపి మళ్లీ అందుకోవడం మామూలే. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు.

“నిప్పంటుకుందని చెప్పండి!” అన్నాడు మేనేజరు.

“చెబితే ఒకరినొకరు తొక్కుకు చస్తారు. వెనక తలుపు తీసి ఉందా?”

మేనేజరు వెనక తలుపు వైపు చూశాడు. కొత్త తాళం వేయమన్నది తానే. కాపలాదారుకు ఫోను చేశాడు. అతడు ఎత్తలేదు.

ఆమె ఇక జవాబు కోసం ఆగలేదు. దరువు మళ్లీ మొదలైంది. పెద్ద డోళ్లవారు ముందు, చిన్న డోళ్లవారు వెనక, వాయిస్తూనే వేదిక దిగి వెనక తలుపు వైపు నడిచారు. జనం కేరింతలు కొడుతూ వారి వెంట కదిలారు. పొగ కూడా కదిలింది.

మేనేజరు అందరినీ దాటుకుని పరుగెత్తి, తలుపును భుజంతో తోశాడు.

తెరుచుకుంది.

బయట, వంగిపోయిన గొళ్లేన్ని సుత్తితో సరిచేస్తున్న కాపలాదారు ఉలిక్కిపడి పక్కకు గెంతాడు. కొత్త తాళం ఇంకా అతడి జేబులోనే ఉంది.

ఆడుతూ ఆడుతూనే అందరూ సందులోకి వచ్చేశారు. హాలు కప్పు కూలేదాకా కొందరికి సంగతే తెలియలేదు. ఆ రాత్రి దెబ్బలు తిన్నది ఒక్కరే. ఆయన అప్పటికి లాకప్పులో ఉన్నాడు.

తెల్లవారగానే మేనేజరు స్టేషనుకు వెళ్లాడు.

“ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను సార్. ఆయన దొంగ కాదు. ఆయనకు నేను దండం పెట్టుకోవాలి.”

“ఆలస్యం చేశావయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “పెరోలు మీద బయటికి వచ్చిన ఖైదీ ఆయన. నీ ఫిర్యాదుతో అది రద్దయింది. ఇందాకే మళ్లీ జైలుకు పంపేశాం.”

“ఖైదీనా? ఏం నేరం చేశాడు?”

ఇన్‌స్పెక్టరు అతడిని ఎగాదిగా చూశాడు.

“నువ్వు చేసిందే. ఆయనకూ ఇలాంటి హాలే ఉండేది. అది తగలబడిన రాత్రి, ఆయన వేయించిన తాళం పగలగొట్టడానికి బయట ఎవరూ లేకపోయారు.”