వేరు గిన్నె

మరిగే నీళ్ళు పోసి జబ్బు పిల్లి బామి గిన్నెను రుద్దుతోంది మిరాన్. బామికి వేరే గిన్నె, వేరే పీచు, వేరే గది. రెండో పిల్లి నూరి ఆ గది తలుపును పంజాతో గీకుతోంది.

"చచ్చే పిల్లికి రాజోపచారాలు! ఇంట్లో మనిషికి గ్లాసుడు బార్లీ నీళ్ళిచ్చే దిక్కు లేదు."

మిరాన్ వెనక్కి తిరగలేదు. "కూజా మీ చేతి పక్కనే ఉంది, మామయ్యగారూ."

బతుకంతా మోక్పో రేవులో చేపల పడవల మీద గడిపిన ప్యో, భార్య పోయాక కొడుకింటికి చేరాడు. వచ్చిన కొత్తలో పిల్లుల్ని పట్టించుకునేవాడు కాదు. ఈ మధ్యే బామి మీద పడ్డాడు.

మిరాన్ గదిలోకెళ్ళి బామిని ఒళ్ళోకి తీసుకుని పెదవి పైకెత్తింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"దాని నోట్లో ఏం వెతుకుతున్నావ్, చేపముల్లా?"

"చిగుళ్ళు చూస్తున్నాను. రక్తం తగ్గితే తెల్లబడతాయి."

"అంతకీ దీని రోగానికి పేరుందా?"

"లుకేమియా."

ప్యో ఒంగి బామి చిగుళ్ళ వైపు చూశాడు. తర్వాత ముక్కుతో నవ్వాడు. "పిల్లికి పెద్ద జబ్బే! ఎన్నాళ్ళు బతుకుతుందేం?"

"బాగా చూసుకుంటే కొన్నేళ్ళు."

"చూసుకోకపోతే?"

"మీకేమైనా తొందరగా ఉందా?"

ఆ రాత్రి భోజనాల బల్ల మధ్యలో సోయా ముద్ద పులుసు మట్టికుండలో కుతకుతలాడుతోంది. నలుగురి చెంచాలూ అందులోకే. ప్యో ఎప్పటిలాగే కాల్చిన చేపకు ముళ్ళు తీసి, తను తినే చాప్‌స్టిక్ పుల్లలతోనే మనవరాలు దాన్‌బి నోటికి అందించబోయాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు కోడలి వైపు తిరిగాడు.

"ఆ రోగం అంటుకుంటుందా?"

"పిల్లి నుంచి మనిషికి రాదు. డాక్టరమ్మ చెప్పింది."

"పిల్లి నుంచి పిల్లికి?"

"వస్తుంది. ఎంగిలితో. ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా. అందుకేగా నూరిని దాని దగ్గరికి పోనివ్వంది!"

దాన్‌బి నోటి దాకా వెళ్ళిన ముక్క ఆగిపోయింది. ప్యో దాన్ని తన అన్నంలోకి వేసుకున్నాడు.

"తాతా, అది నాది!"

"నీకు చేతుల్లేవా? నువ్వే వలుచుకో."

మర్నాటి నుంచి ఆయన కుండలో చెంచా పెట్టలేదు. అందరికంటే ముందు గరిటెతో తన పులుసు తోడుకుని గదిలోకి పోయేవాడు. తన గిన్నె, తన చెంచా తనే కడుక్కునేవాడు, అదీ మరిగే నీళ్ళతో. మిరాన్ పక్కన నిలబడి చూసేది, ఒళ్ళు మండిపోతూ.

"ఏంటి నాన్నా ఇది, ఒక ఇంట్లో ఉండి?" అన్నాడు కొడుకు తేజు.

"పిల్లి బొచ్చు పడ్డ కుండలో నేను తినను."

బడి నుంచి పరుగున వచ్చి మెడకు చుట్టుకోబోయిన దాన్‌బిని మోచేత్తో నెట్టేశాడు. "పో అవతలికి! పిల్లి కంపు." పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది.

"నేను ముట్టుకున్న కుండంటే మీ నాన్నకి రోత," అంది మిరాన్ మొగుడితో. "సరే, నేను పడతాను. పసిదాన్ని తోసేస్తాడా?"

"పెద్దాయన. కాస్త ఓర్చుకో."

"మీ ఇంట్లో ఓర్చుకునేవాళ్ళు ఇద్దరే. నేనూ, ఆ జబ్బు పిల్లీ."

తేజు లేని ఒక మధ్యాహ్నం ప్యో నేరుగా అడిగేశాడు.

"దాన్‌బి వాళ్ళమ్మా, ఆ పిల్లిని పంపేస్తావా లేదా?"

"పంపను."

"వెనకటి పిల్లులకి సిగ్గుండేది. ఒంట్లో బాగోకపోతే తమంతట తామే ఇల్లు వదిలి పోయేవి."

"ఇది పోదు. నేను పోనివ్వను. రోగమొచ్చిందని ఇంట్లోవాళ్ళని ఎవరైనా వీధిలో పారేస్తారా?"

"ఇంట్లోవాళ్ళా? పిల్లా?"

"మీకంటే నయం. ఎవర్నీ కరవదు."

ఆయన దవడ బిగిసింది. "ఇంట్లో పసిపిల్ల ఉంది. అంటురోగం ఉన్నది ఇక్కడ ఉండకూడదు."

"అంటుకోదని చెప్పానుగా!"

"డాక్టర్లు సవాలక్ష చెబుతారు. అంటుకున్నాక వాళ్ళొచ్చి ఏడుస్తారా? ఎవరో ఒకరు పోవాల్సిందే."

"పోదలచుకున్నవాళ్ళు పోవచ్చు," అంది మిరాన్. "తలుపుకి తాళమేం లేదు."

ప్యో తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు దాన్‌బి బడికి వెళ్ళాక సంచి భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. మిరాన్ ముల్లంగి తరుగుతోంది. ఆయన లేచి నిలబడటానికి గోడ పట్టుకున్నాడు. ఆమె చూసింది. చూసి కత్తి మీదికి చూపు తిప్పుకుంది. ఎక్కడికని అడగాలి. అడగలేదు. ఇక ఈ ఇంట్లో బామికి భయం లేదనుకుంది.

ఫోను మోగింది. తేజు.

"మిరాన్, నాన్నని బయటికి పోనివ్వకు!"

"ఆయనే పోతున్నాడు. నన్ననకు."

"ఆపు ముందు! ఆసుపత్రి నుంచి ఇప్పుడే నాకు ఫోను చేశారు. చేరమని ఎప్పట్నుంచో చెబుతున్నా వెళ్ళట్లేదట."

"ఆసుపత్రేంటి? ఏమైంది ఆయనకి?"

ఆమె వెనక తలుపు తెరుచుకుంది. ప్యో గడప దాటాడు. తలుపు మూసుకుంది.

"నాన్నకీ లుకేమియానే."